మా సారు ముఖంలోని నలుపు

కోదాడలో నాకు నూనె రంగులతో ముఖాలు వేయడం నేర్పిన డ్రాయింగు సారు పోయిన నెల కన్నుమూశారు. ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు సూర్యాపేటలో మా వరండాలో కూర్చుని నేను ఆయన ముఖమే వేస్తున్నాను. దవడ కింది నీడ ఒక్కటే మిగిలింది.

సారు మిర్యాలగూడ బడిలో చాలాకాలం డ్రాయింగు చెప్పి, ఆ తరువాత కోదాడలో తన మేడ మీది గదిలో నేర్పేవారు. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. మనవరాలు లెక్క తప్పితే తప్పిన చోట దిద్దనివ్వను, మొత్తం చెరిపించి మళ్లీ చేయిస్తాను. ఆ పద్ధతి నా మీదికే వస్తుందని అనుకోలేదు.

"ఎవరి బొమ్మ వెయ్యాలని ఉంది టీచరమ్మా?" అని మొదటిరోజు అడిగారు. మా అమ్మది అన్నాను.

"ఇప్పుడే వద్దు. అమ్మ మొఖం మీద ప్రేమ అడ్డమొస్తది. ముందు నా మొఖం ఖరాబు చెయ్యండి" అంటూ, అద్దంలో చూసుకుని తానే వేసుకున్న బొమ్మను గోడ మీదినుంచి దించి నా ముందు పెట్టారు. దాన్ని ఉన్నదున్నట్టు దించడమే నా చదువు.

స్కేలు పెట్టి కొలిచి గీశాను. రంగు దగ్గరికి వచ్చేసరికి తెలుపు ఎక్కువ కలిపాను. మన వైపు పెళ్లిచూపుల ఫొటో అయినా, పోయినవాళ్ల ఫొటో అయినా కాస్త తెల్లగా చేయించడం మర్యాద. సారు చాలా నల్లనివారు. ఆ నలుపు వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆయన చూసి నవ్వారు. "కొలతలన్నీ కుదిరినయి. ఈ పెద్దమనిషి ఎవరండీ? మా చుట్టాలల్ల లేడే."

"కొంచెం మంచిగ కనపడాలని, సార్..."

"అంటే నేను మంచిగ లేనా? గీకెయ్యండి."

గీకేశాను. మళ్లీ వేస్తే మళ్లీ గీకించారు. నల్ల రంగు ట్యూబును నా పెట్టెలోంచి తీసేశారు. "నలుపు కొనుక్కొచ్చేది కాదు, చూసి కలిపేది" అనేవారు. చెంపలో ఇటుక ఎరుపు ఎక్కడుందో, మెడ దగ్గర ఆకుపచ్చ ఎక్కడ దాక్కుందో వేలితో చూపించేవారు. చెంప కుదిరేదాకా టీ ముట్టనిచ్చేవారు కాదు. కోపం వచ్చేది. అయినా మరుసటి గురువారం పాఠానికి సూర్యాపేట నుంచి మొదటి బస్సుకే వెళ్లేదాన్ని. చివరికి, "ఈ దవడ కింది నీడ ఇంటికాడ మీ కంటితో మీరే చూసుకోండి" అని అసలు బొమ్మను కూడా నాతో పంపారు. అదే ఆఖరి పాఠం.

కడసారి చూపుకు వెళ్లేసరికి సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో సారు గోధుమపిండి రంగులో ఉన్నారు.

"ఈయన మీ నాన్నేనా బాబూ?" అన్నాను కొడుకుతో.

"స్టూడియోల అందరికీ అట్లనే చేసిస్తరు పెద్దమ్మా. ఈ టైంల ఎవలడుగుతరు?"

పెద్దకర్మ నాటికి ఆ ఇంట్లో ఆయన ముఖం ఉండి తీరాలని నిశ్చయించుకున్నాను. ఇంటికి వచ్చి నీడ వేశాను, గీకాను, మళ్లీ వేశాను. గీకెయ్యమనడానికి ఇప్పుడు ఆయన లేరు. ఆ మాట నేనే అనుకోవాలి.

పెద్దకర్మ రోజు అసలు బొమ్మను సంచిలో పెట్టి, తడి ఆరని నా బొమ్మను ఒడిలో నిలబెట్టుకుని బస్సులో కూర్చున్నాను. మునగాలలో ఎక్కినామె తొంగిచూసింది. "ఎవలమ్మా? నల్లగున్నా కళగల్ల మొఖం."

"నల్లగున్నా అనకమ్మా. నల్లగుండే కళగున్నడు మా సారు."

అసలు బొమ్మను ఆయన భార్య చూడగానే లోపలికి పట్టుకుపోయారు. "దీనికి దండ వెయ్యనియ్యను" అన్నారు. తరువాత నా బొమ్మ ముందు కూర్చున్నారు. పరీక్ష పేపరు ఇచ్చిన పిల్లలాగా నిలబడ్డాను.

"ఈయననే నేను చేసుకున్నది" అని, దాన్ని పీట మీద పెట్టించారామె.

కొడుకు దండ తెచ్చాడు. "రంగు ఆరలేదు బాబూ, తగలనియ్యకు" అన్నాను. అతను దండను కింద నేల మీద పరిచాడు. బయట ఫ్లెక్సీకి దండ మీద దండ పడుతోంది. లోపల ఒక్క పువ్వు కూడా అడ్డం లేకుండా ఆ నల్లని ముఖం, గుమ్మంలోంచి పడే వెలుతురుకు చెంప మెరుస్తూ, వచ్చేవాళ్లను తేరిపార చూస్తోంది.