గుండీ అంత పళ్ళెంలో ఆమ్లెట్

వీధిలో అందరికీ ఆయన కట్టుడుపళ్ళాయన. నలభై ఏళ్ళు ఒక దంతవైద్యుడి గది వెనక కూర్చుని, ఎవరెవరి నోళ్ళకో పళ్ళు చేసిపెట్టాడు. పెళ్ళి మాట ఎత్తితే నవ్వి ఊరుకునేవాడు. ఇంట్లో ఆయనా, ఆయన అక్కా. అక్క వండేది, తమ్ముడు తినేవాడు. ఏనాడూ గరిట పట్టిన పాపాన పోలేదు.

అక్కకి పక్షవాతం వచ్చాక మెతుకు గొంతు దిగడం మానేసింది. ముక్కులోంచి గొట్టం వేయాలన్నారు. కాగితం మీద సంతకం పెట్టింది తమ్ముడే. ఆ రోజు నుంచి అక్క ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట పడిపోయి కాదు. ఆమెని చూసుకుంటున్న హోమ్‌లో నర్సుతో, కాస్త ముద్దగానైనా, కబుర్లు చెబుతూనే ఉంటుంది. వారానికోసారి తమ్ముడు వచ్చి కూర్చుంటే మాత్రం గోడవైపు తిరుగుతుంది.

"మామ్మగారికి ఎంతసేపూ వంటల గోలే తాతగారూ. తినకపోయినా కంటితో చూస్తే చాలంటారు," అంది నర్సు ఒకరోజు. తినేవేవీ ఆ గదిలోకి తేకూడదు. అందుకని ఆయన పాలిమర్ క్లే, అంటే కాలిస్తే గట్టిపడే బొమ్మల మట్టి, కొన్నాడు. బొమ్మరిళ్ళ కోసం కొందరు చేసే చిట్టి వంటలు చేయడం మొదలుపెట్టాడు.

ఆ మట్టి చల్లగా, మొండిగా ఉంటుంది. మెత్తబడేదాకా అరచేతుల్లో పిసకాలి. ఆ ఇంట్లో ఇప్పుడు ఆయన అరచేతుల వెచ్చదనం అందుకునేది అదొక్కటే. పళ్ళ పనిలో మైనం చెక్కిన పాత పనిముట్లతో అంచులు దిద్దేవాడు. పళ్ళ బ్రష్‌తో పొడిచి రొట్టెకి గుల్లతనం తెచ్చేవాడు. రంగు సుద్ద గీకి, ఆ పొడిని కుంచెతో అద్ది దోరగా కాల్చినట్టు చేసేవాడు. వేలిముద్ర పడిందా, అంత చిన్న రొట్టె మీద అది దున్నిన పొలంలా కనబడేది. మళ్ళీ మొదటికి. ఇన్ని వంటలు చేసి, తాను మాత్రం పాలల్లో రొట్టె ముంచుకుని తినేవాడు.

క్యారెట్ ముక్కలు తేలే సూప్, ఆవిరి ఒక్కటే తక్కువైన బంగాళాదుంపలు, వేలిగోరంత కేకు. ఒక్కొక్కటీ గాజుమూత డబ్బాలో పెట్టి వారం వారం తీసుకెళ్ళాడు. అక్క ఒక్క చూపు చూసేది. మళ్ళీ గోడ. ఆయనకి కావలసింది ఒక్క మాట. తిట్టయినా సరే.

తొమ్మిదో వారం ఆమ్లెట్. చిన్న ఓవెన్‌లో ఇరవై నిమిషాలు కాలాలి. ఆయన అక్క కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ వీపున ఆమె శాలువా ఇంకా అలాగే ఉంది. దానికి తల ఆనించాడు. ఘాటు వాసనకి మెలకువ వచ్చేసరికి ఆమ్లెట్ అంచులు నల్లబడిపోయాయి. గబగబా కిటికీలు తీశాడు. మరొకటి చేసే వ్యవధి లేదు. చూడనిచ్చే వేళ దాటితే మళ్ళీ వారానికే. మాడినదాన్నే డబ్బాలో పెట్టుకుని హోమ్‌కి బయల్దేరాడు.

"ఇవాళ్టి స్పెషలేంటి తాతగారూ?" అంది నర్సు.

"ఆమ్లెట్టమ్మా. మాడింది."

"మట్టిది కూడా మాడుతుందా! మా ఆయనొక్కడే మాడుస్తాడనుకున్నా."

ఆయన డబ్బా మంచం మీద పెట్టి, తన కాళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు. అక్క చూసింది. ఈసారి చూపు గోడవైపు పోలేదు.

"మాడ్చావ్."

ఆయన తలెత్తాడు. "ఏంటక్కా?"

"ఏంటక్కా ఏంట్రా! మంట తగ్గించాలని తెలీదూ? కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?"

"కునుకు పట్టిందక్కా."

"పొయ్యి మీద పెట్టి నిద్రా? కొంప అంటించేవాడివి." కాస్త ఆయాసం తీర్చుకుంది. "ఏం తింటున్నావ్?"

"బాగానే తింటున్నా."

"అబద్ధం. చొక్కా నీది కానట్టు వేలాడుతోంది."

అంతే. మళ్ళీ గోడవైపు తిరిగింది. కానీ ఆమె చెయ్యి మాత్రం గాజుమూత మీదే ఉండిపోయింది. వేళ అయిపోయిందని నర్సు వచ్చి చెప్పేదాకా ఆయన ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి, నిలబడ్డచోటే పాలూ రొట్టే తిన్నాడు. సాయంత్రపు వెలుగు ఇంకా బల్ల మీద ఉంది. కొత్త ముద్ద తీసి పిసకసాగాడు. వచ్చే వారానికి ఏం పాడుచేయాలి? మాడింది కంటికి తెలుస్తుంది. ఉడకనిదీ తెలుస్తుంది. కూరలో ఉప్పెక్కువైందని మట్టితో ఎలా చెప్పడం? ముద్ద మెత్తబడింది. ఆయన ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.