లింబాయత్‌లో పెదరేవు

పద్మారాణి గారి లెక్క ప్రకారం సూరత్‌కి సముద్రం లేదు.

మ్యాపులో ఉంది. డుమస్ వెళ్ళే సిటీబస్సు ఎక్కితే తిన్నగా దాని ఒడ్డునే దింపుతుంది. అక్కడ టమాటా భజియాలు వేసే బండివాళ్ళందరూ అది ఉందన్న నమ్మకం మీదే పెళ్ళాంబిడ్డల్ని పోషించుకుంటున్నారు. అయినా పద్మారాణి గారు ఒప్పుకోరు.

"సముద్రమంటే తెల్లారగట్ల అందులోంచి సూర్యుడు లేవాలి. ఇక్కడేమో సాయంత్రం వచ్చి అందులో పడుతున్నాడు. సూర్యుడు పడి మునిగిపోయేదాన్ని సముద్రమంటారుటమ్మా ఎక్కడైనా? మా పెదరేవులో అయితేనా..."

ఆ 'అయితేనా' వినపడిందంటే పొయ్యి మీది పాలమీద ఆశ వదులుకోవలసిందే. అలా పొంగిపోయిన పాలలో ఎక్కువ భాగం ఊర్మిళవి. సూరత్‌లోని లింబాయత్ పేటలో పద్మారాణి గారి ఇంటి మేడమీది వాటాలో అద్దెకుండేది ఆవిడే. ఊర్మిళ భర్త నరహరి రెండు వీధుల అవతల సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఊర్మిళ ఇంట్లోనే కూర్చుని చీర అంచులకి మెరుపు రాళ్ళు అతికిస్తుంది. చేతులకే తప్ప చెవులకి పనుండదు కాబట్టి, రైల్వే ఆఫీసు నుంచి రాగానే పద్మారాణి గారు ఆ ఖాళీ చెవుల్ని వెతుక్కుంటూ మెట్లెక్కేవారు.

పెదరేవు గోదావరి జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ పద్మారాణి గారు అక్కడ అమ్మమ్మ ఇంట్లోనే గడిపారు. అక్కడి దోసకాయకి చేదు లేదు. అక్కడి ఎండకి వేడి లేదు. అక్కడి కాకులు స్నానం చేయకుండా మెతుకు ముట్టేవి కావు. ఇలాంటి సంగతులు ఆవిడ ప్రమాణపూర్వకంగా చెప్పేవారు.

వాళ్ళాయన జయదేవ్ గారు బ్యాంకులో పని చేస్తారు. ఆయన మాట్లాడగా ఊర్మిళ వినలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నోరు జారి "మచిలీపట్నంలో కూడా సముద్రం ఉంది కదా" అన్నారట. ఆ తర్వాత జరిగింది చూసి మాటలు తగ్గించుకున్నారు.

ఊర్మిళ కూడా మొదట్లో ఒక పొరపాటు చేసింది. ఆమెది కరీంనగర్ వైపు. చెరువు తప్ప సముద్రం ఎరగదు. కాపురానికి వచ్చిన కొత్తలో నరహరి డుమస్ తీసుకుపోతే, పట్టలేని సంతోషంతో వచ్చి చెప్పింది.

"మేడమ్, సముద్రం జూసొచ్చినం! అబ్బో, గింత పెద్దగుంటదనుకోలే!"

"ఎక్కడ?"

"డుమస్ల."

పద్మారాణి గారు జాలిగా ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్ళిచ్చారు. "పిల్లా, బాధపడకు. అది సముద్రం కాదు. నిన్నెవరో మోసం చేశారు" అన్నారు.

ఇక కూలరు సంగతి చెప్పాలి. ఏటా ఏప్రిల్‌లో ఆవిడ కూలరు తుప్పు పట్టి కూలబడేది. మెకానిక్ వచ్చి విప్పి, నీటిలో వేలు ముంచి, అనుమానంగా నాలిక మీద పెట్టుకుని ఉలిక్కిపడేవాడు.

"బెన్, ఇందులో నమక్ ఎవరేశారు?"

"నేనే. రోజూ గుప్పెడు వేస్తాను."

"ఎందుకు?"

"సముద్రపు గాలికి ఉప్పు లేకపోతే ఎలా?"

ఆ మెకానిక్ ఈ సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. తర్వాత తర్వాత వేరే మెకానిక్కులు పని లేకపోయినా ఆ కూలర్ని చూడడానికి వచ్చేవారు.

మే నెల వచ్చేసరికి లింబాయత్ సగం ఖాళీ అవుతుంది. పెళ్ళిళ్ళనీ జాతరలనీ సాంచాల వాళ్ళు పిల్లాజెల్లాతో ఊళ్ళకి పోతారు. శేఠ్ సెలవివ్వనివాళ్ళూ, ఊళ్ళో ఎవరూ మిగలనివాళ్ళూ ఇక్కడే ఉండిపోతారు. వాళ్ళ పిల్లలు వేడెక్కిన వీధిలో గోలీలాడుకుంటూ, కొట్టుకుంటూ తిరుగుతారు. సరిగ్గా అప్పుడే పద్మారాణి గారు ఆఫీసుకి సెలవు పెట్టేవారు. రైల్వే పాసు చేతిలో ఉండి కూడా ఎక్కడికీ వెళ్ళేవారు కాదు. వీధిలో పిల్లల్ని పోగుచేసుకుని కింది వాటాలో పెదరేవు తెరిచేవారు.

పెదరేవుకి చట్టాలున్నాయి. పొద్దున్నే చాయ్ బిస్కట్ నిషేధం, చద్దన్నమూ కొత్తావకాయా తప్పనిసరి. మధ్యాహ్నం అందరూ చాపల మీద ఉప్పుగాలికి పడుకోవాలి. అన్నిటికంటే పెద్ద చట్టం, ఆవిడని అమ్మమ్మా అనే పిలవాలి. ఆంటీ అన్నవాడికి ఆ పూట ఆవకాయ లేదు.

"కళ్ళు మూసుకోండి. వినపడుతోందా? అలల చప్పుడు!"

"అమ్మమ్మా, గది మా నాయిన సాంచా."

"నోర్ముయ్. పెదరేవులో అలలు అలాగే కొట్టుకునేవి."

"పాపం, మేడమ్‌కి పెద్దోళ్ళెవరు దొరుకుతలేరు. అందుకే పోరగాండ్లను కూసోబెట్టుకుని ముచ్చట చెప్తది" అని నరహరి నవ్వేవాడు. ఊర్మిళ కూడా నిజమేననుకునేది. అయినా ఈసారి తొమ్మిదేళ్ళ కూతురు చాందినిని తానే జడలు వేసి కిందికి పంపింది. దానికో కారణం ఉంది.

కిందటేడు జూన్‌లో బడి తెరిచిన రోజు, తెలుగు బడి టీచరు పిల్లలందరినీ లేపి, సెలవుల్లో అమ్మమ్మ ఊళ్ళో ఏం చేశారో చెప్పమంది. ఒకడు బావిలో ఈత అన్నాడు. ఒకతె మేకపిల్ల అంది. చాందిని నిలబడి, నిలబడి, కూర్చుంది. ఇంటికొచ్చి, "అమ్మా, మన అమ్మమ్మ ఊరేది?" అని అడిగింది. ఊర్మిళ తల్లి చాందిని నడక నేర్వకముందే పోయింది. అన్న ఇల్లమ్ముకుని భివండీ వెళ్ళిపోయాడు. ఊర్మిళ వంచిన తల ఎత్తకుండా పని చేసుకుపోయింది. ఆ రోజు అతికించిన రాళ్ళన్నీ వంకరపోయాయి. వచ్చే జూన్‌లో తన బిడ్డ మళ్ళీ అలా నిలబడకూడదు. ఊర్మిళకి కావలసింది అంతే.

ఆ మే నెలలో పద్మారాణి గారు పిల్లల్ని డుమస్ తీసుకుపోతానన్నారు. సాయానికి ఊర్మిళనీ రమ్మన్నారు.

"మేడమ్, అది సముద్రమే గాదంటిరి?"

"కాదు. సముద్రం ఎలా ఉండకూడదో పిల్లలకి తెలియాలి కదా!"

తెల్లారకముందే బయల్దేరారు. ఒడ్డు చేరగానే పిల్లలందరినీ సరుగుడు చెట్లవైపు, అంటే తూర్పుకి, వరసగా నిలబెట్టారు. వెనక జయదేవ్ గారు పులిహోర డబ్బాలతో నిలబడ్డారు.

"సూర్యుడు ఇటు లేస్తాడు. సముద్రం మీ వీపు వెనక ఉంది. నేను చెప్పగానే గిర్రున తిరగండి. తిరిగినప్పుడు రెండూ కలిపి చూసేయండి. అదే పెదరేవు!"

చెట్లమీదికి సూర్యుడొచ్చాడు. "ఊఁ, తిరగండి!" అన్నారు. పిల్లలు గిర్రున తిరిగారు.

సముద్రం లేదు.

కనుచూపు మేర నల్లటి బురద ఉంది. అందులో ఒక కుక్క నడుస్తోంది.

"అమ్మమ్మా, సముద్రమేది?"

పద్మారాణి గారు తాను కూడా ఇంకోసారి గిర్రున తిరిగి చూశారు. పోటూ పాటూ ఆవిడకి తెలియనివి కావు. కానీ పెదరేవులో పాటు వస్తే సముద్రం నాలుగడుగులు తగ్గి మర్యాదగా నిలబడేది. ఇలా మూటాముల్లె సర్దుకుని మొత్తంగా వెళ్ళిపోతుందని ఆవిడ ఊహించలేదు. ఇక్కడివాళ్ళెవరినైనా అడిగితే వేళ చెప్పేవారు. లేని సముద్రానికి వేళలు అడగడమేమిటని ఆవిడ అడగలేదు.

"బెన్, పానీ దిగింది. దోపహర్‌కి వస్తుంది" అన్నాడు భజియా బండివాడు.

"చూశావా ఊర్మిళా? పెదరేవు సముద్రం ఒక్కరోజు సెలవు పెట్టి ఎరగదు!"

పిల్లలకి మాత్రం సముద్రం కంటే బురదే నచ్చింది. కాసేపట్లో ఎవరి పిల్లలెవరో గుర్తు పట్టడానికి లేకుండా అయ్యారు. ఆ సంబరంలోనే పక్క వీధి వరుణ్‌కీ చాందినికీ ఒక పీత దగ్గర పేచీ వచ్చింది.

"మా అమ్మమ్మకు చెప్త!" అంది చాందిని.

"తేరీ నానీ కహాఁ సే ఆయీ? నీకు అమ్మమ్మ యాడిది? ఆమె మీ ఇంటి మాలకిన్. కిరాయికుంటరు మీరు. ఆమె నీకేం గాదు" అన్నాడు వరుణ్.

చాందిని పీతని వదిలేసింది. మధ్యాహ్నం సముద్రం తిరిగొచ్చినా నీళ్ళలో దిగలేదు. మర్నాడు పొద్దున్న మెట్లు దిగలేదు.

"ఏమైంది బిడ్డా?"

"గామె మనకేమైతదమ్మా?"

ఊర్మిళ కిందికి వెళ్ళి, పిల్లకి జ్వరమని అబద్ధం చెప్పింది. పద్మారాణి గారు ఆ రోజు పెదరేవు ఊసెత్తలేదు. రెండుమూడుసార్లు మెట్ల దాకా వచ్చి, పైకి చూసి వెళ్ళిపోయారు. ఆవిడ నోరు మూతబడితే ఇల్లు ఇంత బోసిగా ఉంటుందని ఊర్మిళకి అప్పుడే తెలిసింది.

ఆ మర్నాడే ద్వారక యాత్ర ముగించుకుని వీరరాఘవయ్య గారు దిగారు. పద్మారాణి గారి మావయ్య. పెదరేవు అమ్మమ్మకి పెద్దకొడుకు. ఎనభై దాటినా గొంతు మాత్రం రేవు దాకా వినపడేంత ఉంది. వడ్డనకి సాయం రమ్మంటే ఊర్మిళ వెళ్ళింది. చాందిని సగం మెట్లు దిగి, గోడ చాటున కూర్చుంది.

పెద్దాయన బంతిలో కూర్చున్న పిల్లల్ని చూసి, "ఏమే రాణీ, వీళ్ళంతా ఎవరి పిల్లలే?" అన్నారు. వెంటనే నాలిక కరుచుకున్నారు. "అయ్యబాబోయ్, మా అమ్మ ఉంటే ఈ మాటన్నందుకు గరిటె తిరగేసేది."

"మావయ్యా, పులుసు చల్లారిపోతోంది."

"చల్లారనీవే. అమ్మాయ్, నీకు తెలుసా?" ఆయన ఊర్మిళ వైపు తిరిగారు. "వేసవి వస్తే మా ఇంటినిండా పిల్లలే. అందులో మా వాళ్ళు సగమే. ఈ రాణి ఉంది చూశావూ, ఇది మాకు చుట్టం కాదు, పక్కం కాదు. దీని నాన్న మా ఊరికి ఆమడ దూరంలో రైలు గేటు కాసేవాడు. తల్లి లేదు. బడి మూసేస్తే ఈ పిల్ల ఆ ఎండలో గేటు పక్కన ఒక్కతీ కూర్చునేది. మా నాన్న బండిలో వస్తూ చూసి, గేటాయన్ని అడిగి ఎక్కించుకొచ్చేశాడు. ఇక ఏటా వేసవి వస్తే మా బండి ఆ గేటు దగ్గర ఆగేది."

ఊర్మిళ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పద్మారాణి గారు ఉప్పు డబ్బా మూత తీస్తున్నారు, పెడుతున్నారు.

"మా చెల్లెళ్ళకి దీన్ని చూస్తే మంట. ఓ రోజు, 'అమ్మా, ఇది మనకేమవుతుంది?' అని నిలదీశారు. మా అమ్మేమందో తెలుసా? 'సెలవులకి వచ్చింది. ఇంకేమవ్వాలి?' అంది. అంతే, మళ్ళీ ఎవరూ అడగలేదు."

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. చాందిని తిన్నగా వచ్చి, బంతిలో వరుణ్ పక్కన నిలబడి "జర జరుగు" అంది. వాడు జరిగాడు. ఆమె కూర్చుని విస్తరి ముందుకి లాక్కుంది.

"అమ్మమ్మా, నాకు రెండు అప్పడాలు."

"చేతులు కడిగావా?" అన్నారు పద్మారాణి గారు. జవాబు కోసం ఆగకుండానే మూడు వేశారు.

అన్నాలయ్యాక ఊర్మిళ వంటింట్లో గిన్నెలు సర్దుతూ, "మేడమ్, నేను మీ గురించి తప్పు అనుకున్న. ముచ్చట చెప్పనీకే పిల్లల్ని పిలుస్తరనుకున్న" అంది.

"ముచ్చట చెప్పడానికే. పిలవకపోతే ఎవరు వింటారే?" అని కసిరి, ఆవిడ ఒక్క క్షణం ఆగారు. "దాని సంగతి సరే. నువ్వు పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"నాకు తల్లిగారిల్లు యాడిది మేడమ్?"

"మేడమేమిటి మేడమ్! ఆ రాళ్ళూ జిగురూ పైనే పడేసి, రెండు చీరలు తెచ్చుకుని కిందికి రా. పుట్టింట్లో పని ముట్టుకుంటే ఒప్పుకోను."

సాయంత్రం నరహరి పనికి బయల్దేరుతుంటే ఊర్మిళ మంచి చీర కట్టుకుని, సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏడికి?"

"తల్లిగారింటికి."

"ఏ బండికి?"

"బండెందుకు? దిగి పోత" అని ఊర్మిళ మెట్లు దిగిపోయింది.

రెండు రోజులు నరహరి చాయ్‌తోనూ బ్రెడ్డుతోనూ నెట్టుకొచ్చాడు. మూడో రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బజార్లో అరటిపళ్ళు కొని, కింది వాటా తలుపు కొట్టాడు. పద్మారాణి గారు కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిచ్చారు. కుర్చీ దులిపి వేశారు. మజ్జిగ ఇచ్చి, అమ్మగారూ నాన్నగారూ కులాసానా అని అడిగారు.

నరహరి గ్లాసు చేత్తో తిప్పుతూ, "అత్తమ్మా, మరి... పిల్లను ఎప్పుడు తోలిస్తరు?" అన్నాడు.

"తొందరేముంది అల్లుడుగారూ? ఆషాఢం దాటనివ్వండి."

నరహరి ముఖం చూసి జాలిపడ్డ ఆవిడ, "పోనీ శనివారం మంచిదేమో చూస్తాను" అంటూ పంచాంగం కోసం లేచారు.

"శనివారం వద్దమ్మా! ఇంకో వారముంట!" అని ఊర్మిళ లోపలి గదిలోంచి కేకేసి, చాప మీద అటు తిరిగి పడుకుంది.