తోడల్లుడి సెల్ఫీ

ఢిల్లీ కంటోన్మెంట్‌లో దిగింది డిసెంబరులో, ఉదయం ఆరున్నరకి. పొగమంచు. ఎదురుగా ఆగిన లారీ కనబడలేదు, హారన్ మాత్రం వినబడింది. భుజాన కిట్ బ్యాగు, చేతిలో నల్ల ట్రంకు పెట్టె. ఢిల్లీ పోస్టింగంటే ఇండియా గేటు దగ్గర పల్లీలు తినడమని విజయనగరంలో మావాళ్ల నమ్మకం. నాకిచ్చింది రెండో గేటు. రైఫిలు, వాకీటాకీ, నాలుగు గంటల నిలువుకాళ్ల డ్యూటీ.

మొదటి రోజే హవల్దార్ మేజర్ ఆర్డర్లు చదివాడు. యూనిఫాంలో ఫొటో నెట్‌లో పెట్టకూడదు. యూనిట్ పేరు రాయకూడదు. ఎక్కడున్నదీ, సెలవెప్పుడన్నదీ చెప్పకూడదు. "ఎవరైనా అడిగితే సర్కారీ నౌకరీ అనండి. బస్." ఆయన చెప్పింది సబబే. తియ్యగా పరిచయం చేసుకుని వివరాలు లాగేవాళ్లున్నారు. నా ప్రొఫైల్లో నా మొహం తీసేసి గులాబీ పువ్వు పెట్టుకున్నాను.

నాకు చిక్కు శత్రువుతో కాదు, తోడల్లుడితో. మా ఆవిడ లక్ష్మికి అక్క మొగుడు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆయన దోసె తిన్నా, కారు కడిగినా లోకానికి తెలియాల్సిందే. ప్రతి ఫొటో కిందా మా మావగారు "శభాష్ అల్లుడూ" అని రాసేవారు. ఊళ్లో పెళ్లికి వెళ్తే ఆ ఫొటోలు నలుగురికీ చూపించి, చివర్న నావైపు తిరిగి, "చిన్నల్లుడూ ఢిల్లీలోనే, ఏదో గవర్నమెంటు" అనేవారు. లోలోపల కుళ్లుకునేవాణ్ని. క్వార్టరు దొరికాక ఢిల్లీ వచ్చిన లక్ష్మి కూడా రోజూ ఆయన ఫొటోలే చూసేది.

"ఏటుందని చూస్తావు అందులో?" అన్నానొకసారి.

"చూద్దావంటే మీవి లేవు కదండీ."

ఆ రాత్రి నా ప్రొఫైల్ తెరిచి గులాబీ పువ్వు చూసుకున్నాను.

ఢిల్లీ వచ్చిన రెండో ఏడు, జనవరిలో ఒక ఆదివారం తోడల్లుడు మమ్మల్ని చూడ్డానికి వచ్చి, నేను డ్యూటీలో ఉన్న గేటు బయట కారు ఆపాడు. అదే సమయానికి ఒక లారీ వచ్చింది. వాకీటాకీలో ఏ బండని అడుగుతూ రేడియో ఆపరేటర్ గొంతు. "గేట్ టూ, గాడీ కౌన్సీ? ఓవర్."

"రేషన్ గాడీ. ఓవర్," అన్నాను.

ఆ హడావుడిలో ఆయన చెయ్యి చాపి సెల్ఫీ తీసుకోవడం నేను చూడలేదు.

సాయంత్రం డ్యూటీ దిగాక హర్యానా కుర్రాడైన ఆ ఆపరేటరే, తనదాకా షేరయి వచ్చిన ఫొటో ఫోనులో చూపించాడు. "సాబ్, ఆప్ తో హీరో బన్ గయే." ఫొటోలో ముందు తోడల్లుడు, వెనక రైఫిలుతో నేను. "దేశానికి కాపలా మా తమ్ముడు" అని రాశాడు. వందల లైకులు. కింద మావగారి మాట: "మా చిన్నల్లుడు. మా ఇంటి గౌరవం." పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి. నాలుగుసార్లు చదువుకున్నాను. నా గౌరవం కూడా ఆయన పేజీలోనే పూయాలా అని కుళ్లుకున్నాను కూడా.

ఆపరేటర్ వేలు పెట్టి చూపించాడు. నా నేమ్‌ప్లేటు. భుజం మీద యూనిట్ గుర్తు. గేటు బోర్డు. అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఆ ఫొటో తీసేయ్."

"అదేటి తమ్ముడూ, పొగిడితే తప్పా? ఎంతమంది మెచ్చుకుంటన్నారో చూడు."

"చూశాను. తీసేయ్."

తీసేశాడు. నెల్లాళ్లు మాట్లాడలేదు. హవల్దార్ మేజర్‌కి నేనే చెప్పాను. "ఠీక్ హై" అన్నాడంతే. మావగారు మళ్లీ "ఏదో గవర్నమెంటు" దగ్గరికే వచ్చారు. లక్ష్మి నాకు అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయేది. బావ మనసు నొప్పించానని కోపమనుకున్నాను.

ఆ పోస్టింగుతోనే సర్వీసు ముగిసింది. ఇల్లు సర్దడానికి లక్ష్మి ముందే విజయనగరం వెళ్లింది. ట్రంకు పెట్టెతో నేను గుమ్మం ఎక్కేసరికి ముందుగది గోడకి ఆ ఫొటో, ఫ్రేము కట్టి ఉంది. తీసెయ్యక ముందే దాచుకుని, స్టూడియోలో వేయించిందట. నా పేరు మీద ఒక బొట్టుబిళ్ల అంటించింది. భుజం మీద ఒకటి. గేటు బోర్డు మీద వరసగా నాలుగు. అన్నింటికన్నా పెద్దది, మెరూన్ రంగుది, తోడల్లుడి మొహం మీద.

"ఆయన మొహం రహస్యం కాదు కదే?"

"కాదండి. మీకు అడ్డొస్తన్నాడు."

ఇన్నేళ్లూ కుళ్లుకున్నది నేనొక్కణ్నే అనుకున్నాను.

నెట్‌లో నేనిప్పటికీ గులాబీ పువ్వునే. వానాకాలం చెమ్మకి ఆ మెరూన్ బిళ్ల ఊడిపోతుంటుంది. స్నానానికి వెళ్తూ అద్దానికి అంటించాల్సిన నుదుటి బిళ్లని లక్ష్మి అక్కడ అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది.