మునెమ్మక్క అంబలి కుండ

మొన్న బ్రూక్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసులో ఆరోగ్యం మీద ప్రసంగం పెట్టారు. తలా ఒక చిన్న సీసా పంచారు. మూత తీయగానే పులిసిన రాగిపిండి వాసన గుప్పుమంది. పులిసిన తిండి, పీచు ఉన్న తిండి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు మేత అని వచ్చినావిడ చెబుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. అక్కడ వంటమనిషి మునెమ్మక్క. నేను పీజీ భోజనం వదిలేసి నూడుల్స్, పఫ్‌లు, పార్సిల్ బిర్యానీలతో బతికేవాణ్ణి. కడుపు చెడితే డాక్టరుకు చూపించకుండా షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగేవాణ్ణి. ఒక ఉదయం నీరసంతో మెట్ల మీద కూలబడితే మునెమ్మక్క విరుచుకుపడింది.

"బుద్ధుండాదా నీకు? పొద్దస్తమానం మైదా, మాత్రలు! అది కడుపనుకున్యావా, చెత్తబుట్టనుకున్యావా? బేడ, వద్దు అన్నావంటే ఊరుకోను, తాగు!"

తన కోసం కుండలో పులియబెట్టుకున్న రాగి అంబలి అది. మజ్జిగ, ఉల్లిపాయ కలిపి రోజూ నాకో లోటా పోసేది. ఆకుకూర, ఉలవలు దగ్గర కూర్చుని తినిపించేది. రెండు నెలల్లో మళ్ళీ మనిషినయ్యాను.

ఆ తర్వాత కొత్తగా చేరిన ఒకడు, నురగ కడుతున్న ఆ కుండను వీడియో తీసి, పాచిపోయిన పిండి పెడుతోందని పీజీ వాళ్ళ గ్రూపులో పెట్టాడు. ఫిర్యాదు కాగితం గదిగదికీ తిరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి నలుగురు చుట్టూ చేరి నవ్వుతున్నారు. రోజూ తాగేది నేనేనంటే పల్లెటూరి మొద్దునంటారని సిగ్గేసింది. సంతకం పెట్టాను. ఛీ, నా బతుకు!

మర్నాడు ఓనరు అందరి ముందూ ఆమెను పని మానేయమన్నాడు. మునెమ్మక్క నేరుగా నా వైపు తిరిగింది.

"ఈయప్పకు చెప్పప్పా! నా అంబలి తాగినాక నీ కడుపు బాగయిందా లేదా? ఒక్క మాట చెప్పు."

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. ఓనరు కూడా ఆగాడు. నేను ఫోన్ తీసి, ఏదో మెసేజ్ వచ్చినట్టు దాంట్లోకి చూస్తూ నిలబడ్డాను.

"సరే పో," అంది. కుండ చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఆమె కోసం మడివాళ అంతా అడిగాను, ఎవరికీ తెలియలేదు.

ఇవాళ రాళ్ళు తిన్నా అరిగించుకునే కడుపు నాది. ఆమె బాగు చేసిందే. సిగ్గులేకుండా మోసుకు తిరుగుతున్నాను.