లోపలి కంప్యూటరుకు బొట్టు

ఆ రోజుల్లో మాకు తెలివి ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ. ఇప్పుడు ఇంట్లో గదికొకటి వెలుగుతూ ఉంటుంది గాని, తెలివి ఎక్కడ పెట్టానో వెతుక్కోవాల్సి వస్తోంది. పీలమేడులో మా ఇంటి ముందుభాగమే మా నైనా (అంటే నాన్న, మావాళ్లు ఈ కోయంబత్తూరు వైపు వచ్చి ఎన్ని తరాలైందో తెలియదు గాని ఆ పిలుపు మాత్రం మాతోనే వచ్చింది) నడిపే గ్రైండర్ల అంగడి. ఇంటికంతటికీ ఉన్న ఒక్క కంప్యూటరు ఆ అంగడి మూలలో ఉండేది. అందులో విండోస్, ఆ విండోస్‌లో బిల్లులు వేసే ప్రోగ్రాం. దాన్ని ఎవరైనా కదిలిస్తే నైనా ఊరుకునేవాడు కాదు. నేనేమో ఇంజనీరింగు ముగించి ఉద్యోగం కోసం తిరుగుతున్నాను. ఒక చిన్న ఆఫీసువాళ్లు, విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో నడిచే ప్రోగ్రాం ఒకటి రాసి ఫలానా రోజు సాయంత్రం ఆరింటిలోగా పంపమన్నారు. నచ్చితే ఉద్యోగం. "అది రాలేదంటే సోమవారం నుంచి అంగట్లో కూచోవాల, సరియా?" అన్నాడు నైనా. గ్రైండర్ల మీద నాకేమీ పగ లేదు. కాని కొనడానికొచ్చిన ప్రతి ఆవిడకూ రాయి తిప్పి చూపించి "ఇడ్లీ పూలాగా వస్తుందమ్మా" అనడం నా వల్ల అయ్యేది కాదు (ఒకసారి ప్రయత్నించాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, పక్క అంగట్లో కొనుక్కుంది).

విండోస్‌ను తీసేయకుండా లినక్స్ నడపడానికి ఒక ఉపాయం ఉంది. కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు ఉన్నట్టు నటించే సాఫ్ట్‌వేరు వేసుకుంటే, ఆ ఉత్తుత్తి కంప్యూటరులో మనకు కావలసింది పెట్టుకోవచ్చు. బయటిదానికి ఏమీ కాదు. నైనాకు ఇదంతా వివరిస్తే, "నా బిల్లులకు ఏమీ కాదంటే ఏమన్నా చేసుకో" అన్నాడు. నాలుగు రోజులు కష్టపడ్డాను. ఇంకో గంట పని ఉందనగా గడువు రోజు వచ్చింది. ఆ రోజు ఆయుధపూజ. క్యాలెండరు మా ఇంట్లో మూడు గోడలకు వేలాడుతున్నా నేను ఒక్కదానివైపూ చూడలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆయుధపూజనాడు మా ఊళ్లో సుత్తి నుంచి బస్సు దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టి, బొరుగులూ శనగలూ నైవేద్యం చూపించి విశ్రాంతి ఇస్తారు. మర్నాటి పూజ అయ్యేదాకా వాటితో పని చేయకూడదు. పొద్దున స్నానం చేసి నేను అంగట్లోకి వచ్చేసరికి మా అవ్వ గ్రైండర్లన్నీ ముగించి కంప్యూటరు దగ్గరికి వచ్చేసింది. సరిగ్గా ఆన్ చేసే బటన్ మీదే ఇంత చందనం ముద్ద పెట్టి, నడుమ కుంకుమ అద్దింది. బయట బ్రౌజింగ్ సెంటరుకు పరుగెత్తాను. అక్కడా పూజే, తలుపుకు అరటి పిలకలు కట్టేశారు.

తిరిగొచ్చి అవ్వ ముందు కూర్చున్నాను. "అవ్వా, నేను పని చేసేది ఈ కంప్యూటరు కాదు. దీని లోపల ఇంకొకటి ఉంది. దానికి నువ్వు బొట్టు పెట్టలేదు గదా."

"లోపలనా? అది ఎవురిది?"

"మనదే. మనింట్లో వెనక పోర్షన్ బాడుగకిచ్చినామే, అట్ల అనుకో."

అవ్వ చందనం గిన్నె పక్కన పెట్టింది. "బాడుగవాళ్లు మన ముందువాకిట్లోనే గదా రావాల?"

"ఆమాం, అవునవ్వా."

"సరి. వాకిలి తీసిపెట్టు. మన పని ఒక్కటీ చెయ్యగూడదు." అని, చందనాన్ని తనే వేలికొసతో బటన్ మీద నుంచి తీసి రెండంగుళాలు పక్కకు పెట్టింది. హైకోర్టులో కూడా ఇంత చక్కటి తీర్పు వచ్చి ఉండదని అప్పుడు అనిపించింది. విండోస్ తెరిచి, ఇంకేదీ ముట్టకుండా లోపలి లినక్స్ తెరిచాను. అవ్వ పక్కన కుర్చీ వేసుకుని కళ్లజోడు సర్దుకుంది.

"ఇదేనా అది? పాపం, దాన్ని ఎట్ల విడిచిపెట్టేది?" అంటూ చందనం గిన్నెలో వేలు ముంచి, తెర నడిమధ్యన ఒక బొట్టు పెట్టేసింది. "ఇంక ఇదీ పూజలో కూచునింది. నాళైకి చేసుకో సామీ ఆ వేలె."

(నాళైకి అంటే రేపటికి, వేలె అంటే పని. అవ్వకు కోపం వచ్చినా ప్రేమ వచ్చినా తమిళం కలిసేది.)

లోపలిది వేరే కంప్యూటరని వాదించి గెలిచింది నేనే. వేరేది కాబట్టే దానికి వేరే బొట్టు. అయినా నేను ఊరుకోలేదు. ఆ సాఫ్ట్‌వేరులో ఒక సదుపాయం ఉంది. లోపలి కంప్యూటరు ఒకానొక ఘడియలో ఎట్లా ఉందో దాచిపెట్టుకుని, కావాలన్నప్పుడు దాన్ని మళ్లీ ఆ ఘడియకే తీసుకుపోవచ్చు. "అవ్వా, దీన్ని నేను నిన్నటికి పంపించేస్తా. అప్పుడు లోపల ఆయుధపూజ ఇంకా రాదు."

"లోపల నిన్ననా?"

"నిన్ననే."

"నిన్న అయితే దీనికి బొట్టు పెట్టుండను గదా" అని అవ్వ తెర మీది చందనాన్ని కొంగుతో శుభ్రంగా తుడిచేసింది. (న్యాయం దగ్గర అవ్వ తన పర అనేది చూడదు.) నేను బటన్ నొక్కాను. లోపలి కంప్యూటరు వెనక్కి వెళ్లింది. కాని నేను దాచిపెట్టింది నిన్నటిది కాదు, లినక్స్ వేసిన మొదటి రోజుది. నాలుగు రోజులుగా రాసిన ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మిగల్లేదు. నా ముఖం చూసి, "ఏమైంది రా?" అంది అవ్వ.

"నిన్నటికి పోలేదవ్వా. పోయిన శుక్రవారానికి పోయింది."

"శుక్రవారమా? మంచి దినమే" అంది అవ్వ.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. కళ్ల ముందు గ్రైండరు రాళ్లు తిరిగాయి. ఇక దాచి లాభం లేదని, ఆఫీసు సారుకు ఫోన్ చేసి, సాయంత్రంలోగా పంపలేనని చెప్పాను. అవతల ఏదో కరకరలాడుతోంది. సారు బొరుగులు తింటున్నాడు.

"ఏం తంబీ, ఇవాళ ఎవురు చూస్తారు? మా కంప్యూటర్లకన్నిటికీ బొట్టు పెట్టి దుప్పటి కప్పేసినాం. ఎల్లుండి పంపించు, చాలు" అన్నాడు నింపాదిగా. ఆయన తెలుగువాడని అప్పుడే తెలిసింది.

కోయంబత్తూరులో పుట్టి పెరిగిన నాకు, ఊళ్లో సుత్తికీ బస్సుకూ బొట్టు పెట్టేవాళ్లు ఆఫీసులో కంప్యూటర్లకు మాత్రం ఎందుకు పెట్టరన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. మర్నాడు విజయదశమి పూజ కాగానే మొదటి నుంచి మళ్లీ రాశాను. అవ్వ పక్కనే కూర్చుని శనగలు తింటూ కాపలా కాసింది. రెండోసారి రాసింది మొదటిదానికంటే బాగా వచ్చింది. ఉద్యోగం కూడా వచ్చింది.

ఇప్పుడు నేను చూసుకునే కంప్యూటర్లన్నీ లోపలివే. వాటిని మోసే బయటివి ఏ ఊళ్లో, ఏ గదిలో ఉన్నాయో నాకే తెలియదు. వాటికి పూజ లేదు, విశ్రాంతి లేదు. పోయిన ఆయుధపూజనాడు చేతిలో బొరుగుల గిన్నెతో ఉండగానే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చందనం ఆరని లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ముట్టుకోవద్దని చెప్పడానికి అవ్వ లేదు. అవ్వ మీద బెంగగా అనిపించింది, ఒకప్పుడు నేనైన ఆ కుర్రవాడి మీద నవ్వూ వచ్చింది. ఊరంతా ఇస్తున్న ఒక్క రోజు సెలవును తప్పించుకోవడానికి వాడు తన తెలివంతా ఖర్చు పెట్టాడు. ఇన్నేళ్ల అనుభవంతో నేను ఆ ఒక్క రోజు సెలవు సంపాదించలేకపోతున్నాను.