మనిషికో తువ్వాలు

మెక్నెస్ పట్నంలోని పాత ఊళ్లో రఖియా చేత ఒళ్లు రుద్దించుకోని ఆడమనిషి అరుదు. ఊళ్లో ఆడవాళ్లంతా డబ్బిచ్చి ఆవిరిస్నానం చేసే హమ్మాంలో ఇరవై ఆరేళ్లుగా అదే పని. నల్ల సబ్బు పట్టించి, గరుకు చేతితొడుగుతో వీపు రుద్ది, నీళ్లు పోసి, మెడా భుజాలూ తుడిచి పంపేది. ఏ కోడలి ఒంటి మీద వాతలున్నాయో ఆమెకు తెలుసు. తెలిసినా పైకి అనేది కాదు.

ఒక గురువారం మధ్యాహ్నం ఘాలియా స్నానం చేసి వెళ్లింది. వెనకే ఆమె పక్కింటి జహూర్ వచ్చింది. డాబా మీద బట్టలారేసే తాడు గురించి తగాదాపడి ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. ఆ సాయంత్రమే జహూర్ తన ఇంట్లో శవమై కనిపించింది. ఎవరో గొంతు నులిమేశారు. మెడ మీద దొరికిన డీఎన్ఏ ఘాలియాదని తేలింది.

"దాన్ని నేను వేలితో కూడా ముట్టుకోలేదు" అని ఘాలియా నెత్తీనోరూ కొట్టుకుంది. అంత పెద్ద పరీక్ష అబద్ధం చెబుతుందా అన్నారు జనం. రఖియా కూడా అదే అంది.

ఘాలియా వకీలు రఖియాను సాక్ష్యానికి పిలిపించాడు. ముందురోజు హమ్మాం యజమానురాలు బతూల్ ఆమెను పక్కకు లాగింది.

"ఒకే తువ్వాలుతో పదిమందిని తుడుస్తామని వాగావనుకో, రేపట్నుంచి ఒక్కతీ గడప తొక్కదు. నీ నోటికాడ కూడూ పోతుంది, నాదీ పోతుంది."

కోర్టులో వకీలు అడిగాడు: "ఆ రోజు ఇద్దరినీ ఒకే తువ్వాలుతో తుడిచారామ్మా?"

"అయ్యో, అదేం మాట! మనిషికో తువ్వాలు వాడతాను."

తన శుభ్రతనే శంకిస్తున్నాడనుకుంది రఖియా. ఘాలియాకు ఇరవై ఏళ్ల జైలుశిక్ష పడింది.

మూడేళ్ల తర్వాత హమ్మాంలో ఒక పిల్ల అద్దంలో చూసుకుంటూ నవ్వింది. "పిన్నీ, నేను గోరింటాకు పెట్టుకోందే నా మెడకి ఈ ఎర్రమరకేంటి?"

రఖియా చేతిలోని తువ్వాలు చూసుకుంది. అంతకుముందే దాంతో తుడిచిన ముసలామె తలనిండా గోరింటాకు. ఆ గురువారం ఘాలియాని తుడిచిన తువ్వాలుతోనే జహూర్ మెడా తుడిచిన సంగతి రఖియాకు గుర్తొచ్చింది.

మర్నాడే వకీలు దగ్గరికి వెళ్లింది. తువ్వాలు సంగతి విని ఆయన అన్నాడు:

"ఆ డీఎన్ఏ ఎవరిదో పరీక్ష చెబుతుందమ్మా. మెడ మీదికి ఎలా వచ్చిందో చెప్పదు. అది చెప్పగలిగింది మీరొక్కరే."

"అడిగారు బాబూ. నేనే చెప్పలేదు."

మళ్లీ విచారణ జరిగి ఘాలియా బయటికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. అప్పటికే మొగుడు విడాకులిచ్చి వేరే పెళ్లి చేసుకున్నాడు. కూతురు సవతి తల్లినే అమ్మా అంటోంది. జహూర్‌ని చంపిందెవరో ఈ రోజుకీ తెలియదు.

క్షమాపణ అడగడానికి పోయేవాళ్లు తీసుకెళ్లే పంచదార దిమ్మ పట్టుకుని రఖియా ఘాలియా తలుపు తట్టింది.

"తువ్వాలు మార్చనందుకు నాకు కోపం లేదు పిన్నీ. అడిగినప్పుడు చెప్పలేదే!"

"భయమేసింది తల్లీ."

"నాకూ వేసింది. నాలుగేళ్లు వేసింది."

దిమ్మ అందుకోలేదు. చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

బతూల్ పనిలోంచి తీసేసింది. దానికి రఖియా బాధపడలేదు. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఊలు వడుకుతోంది. ఎవరైనా పలకరిస్తే ఆ కోర్టు సంగతే ఎత్తుతుంది.

"గుర్తులేదండీ అన్నా సరిపోయేదమ్మా. ఆ మాటైనా నోటికి రాలేదు."