సుక్కి పళ్లు చూసిన రోజు

ఒక కుక్క వయసు గురించి నేను అబద్ధం చెప్పాను. ఆరేళ్లయింది. ఈ మాట విని మీరు నవ్వుకుంటారేమో. ఇంతోటి దానికి ఇంత బరువా అనుకుంటారేమో. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నా బరువు మాత్రం తగ్గలేదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఆమెకు తెలుసో తెలియదో కూడా నాకు తెలియదు. మీరెవరో నేనెరగను కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను అరకుకు అవతల కొండల్లో ఒక పశువుల ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. డాక్టర్ని కాను, ఆయన కింద సహాయకుణ్ణి. డాక్టరు గారు వారానికి రెండు రోజులే వచ్చేవారు. మిగతా రోజుల్లో సూదులు వేసేదీ కట్లు కట్టేదీ నేనే గనక కొండ మీద అందరికీ నేనే డాట్రు బాబుని. మాది సాలూరు. పెళ్లయిన కొత్తలోనే సరోజను అక్కడికి తీసుకెళ్లాను. మా క్వార్టరు ఊరికి ఎడంగా, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఉండేది. నేను ఊళ్ల మీద తిరిగి వచ్చేదాకా సరోజ లోపల గడియ పెట్టుకుని కూర్చునేది. ఎండుటాకు కదిలినా ఉలిక్కిపడేది. రెండుసార్లు పుట్టింటికి వెళ్లిపోయింది. రెండోసారి తీసుకొచ్చినప్పుడు, "ఈసారి వెళ్తే మళ్లీ రాను" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

ఆ వానాకాలం ఒక నల్ల కుక్క మా గుమ్మంలోకి వచ్చి పడింది. ఆడది. మెడ కింద తెల్ల మచ్చ. అడవిపందుల కోసం పెట్టిన ఉచ్చు వెనక కాలికి బిగుసుకుని, తీగ మాంసంలోకి దిగిపోయింది. తీగ కోసి, పుండు కడిగి కట్టు కట్టాను. సరోజ గంజి పోసింది. నెల తిరిగేసరికి అది కాలు ఆన్చి నడిచింది. సరోజ దానికి మల్లి అని పేరు పెట్టింది. తలుపు బార్లా తీసి, అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుకుంటున్న సరోజను నేను మొదటిసారి చూసింది అప్పుడే. మళ్లీ పుట్టింటి మాట ఎత్తలేదు.

మాత్ర మింగించడానికి నోరు తెరిచినప్పుడే దాని పళ్లు చూశాను. అది కుర్ర కుక్క కాదని అప్పుడే తెలుసు. మెడ చుట్టూ వెంట్రుకలు ఒరుసుకుపోయి తాడు గుర్తు ఉంది. అంటే ఎవరో పెంచిన కుక్క. సంతలో ఒక్క మాట వేస్తే చాలు, రెండు రోజుల్లో ఎవరిదో తెలిసిపోయేది. వేయలేదు. మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా మరిచిపోయానా?

వలిసె చేలు పూసి కొండవాలంతా పసుపుపచ్చగా ఉన్న రోజులు. ఆ రోజు సంత. పొద్దున్నే ఒక ముసలామె, ఆమె కొడుకు మా ఇంటి ముందు నుంచి వెళ్తున్నారు. ఆమె పేరు సోంబారి, కొడుకు పేరు దొన్ను. నీళ్లు పారే రెండు గెడ్డలు దాటితే వచ్చే చిన్న ఊరు వాళ్లది. వాళ్ల మేకలకు నేను మందులు ఇచ్చి ఉన్నాను. అరుగు కింద పడుకున్న కుక్కను చూసి ఆమె ఆగిపోయింది.

"సుక్కీ" అంది.

కుక్క లేచింది. చెవులు వెనక్కి వాల్చి, కడుపు నేలకు ఆనించి పాకుతూ ఆమె కాళ్ల దగ్గరికి వెళ్లింది. ఇది నేను చూశాను. సరోజా చూసింది. గుమ్మం పట్టుకుని నిలబడి, కుక్క వైపు కాదు, నా వైపే చూస్తోంది.

"నాదే బాబూ ఈ కుక్క. వానల్లో తప్పిపోనాది. ఎన్ని సోట్ల ఎతికినానో" అంది సోంబారి.

"నల్ల కుక్కలన్నీ ఒక్కలాగే ఉంటాయే అమ్మా. బేగి రా, సంతకి ఆలీసం అయిపోతంది" అన్నాడు దొన్ను.

"నీ కుక్క వయసెంత?" అని అడిగాను. ఎందుకు అడుగుతున్నానో అడగకముందే నాకు తెలుసు.

"మా సిన్న మనవరాలు పుట్టినేడు పుట్టింది. ఆ గుంట ఇప్పుడు రెండో తరగతి సదువుతంది."

"అంటే ఏడేళ్లు."

"అంతే అవుద్ది. పళ్లు సూడు బాబూ. మేకయితే నాను సెప్తాను, రెండు పళ్లదా నాలుగు పళ్లదా అని. కుక్క పళ్లు నాకు తెల్దు. నువ్వు సూసి సెప్పు. నువ్వు కాదంటే నాను పోతాను."

నేను గొంతుక్కూర్చుని దాని పెదవి పైకెత్తాను. కుర్ర కుక్క ముందు పళ్ల అంచులు సన్నగా మూడు మొనలు తేలి ఉంటాయి. ఏడాదిన్నర, రెండేళ్ల నుంచి కింది పళ్ల మొనలు అరగడం మొదలవుతుంది, ఆ తర్వాత పైవి. దీనికి కిందా పైనా ఒక్క మొన లేదు. అన్నీ చదును. కోరపళ్ల కొసలు మొద్దుబారాయి. దవడ పళ్లకు పసుపు గార. కళ్లను వెలుతురుకు తిప్పితే లోపల పలచగా నీలం పొర. ఆమె చెప్పిన లెక్కకు ఇటూ అటూ పోయేది ఏమీ లేదు.

"రెండేళ్లు. మించితే రెండున్నర" అన్నాను.

"మూతి తెల్లబడింది కద బాబూ."

"అది వయసు కాదు. కొన్నిటికి పుట్టుకతోనే అలా ఉంటుంది."

ఆమె కుక్కను చూసింది. నన్ను చూసింది. ఆ చూపులో అనుమానం వెతికాను. ఉంటే బాగుండేది. నన్ను అనుమానించి ఉంటే ఆమె గొడవపడేది, నలుగురినీ పిలిచేది, డాక్టరు గారి దాకా వెళ్లేది. ఆమె నన్ను అనుమానించలేదు. తన కళ్లనే అనుమానించింది.

"అయితే నాదే పొరపాటు" అంది.

దొన్ను ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. కుక్క వెనకాలే వెళ్లబోయింది. నేను మెడ పట్టుకుని ఆపాను. నా చేతి కింద దాని ఒళ్లు వణకడం ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత నేను చేసిన పని ఇంకా నీచమైనది. ఆమె మీద అనుమానం కల్పించుకున్నాను. కాపలాకి కుక్కలు కావాలని లాడ్జీల వాళ్లు అడుగుతున్నారు కదా, దీన్ని వాళ్లకు ఇచ్చేయడానికే వచ్చిందేమో. కాలు బాగయ్యేదాకా ఆగి, ఇప్పుడు నాదంటోందేమో. దొన్ను వద్దన్నట్టు నటించాడేమో. కుక్కలు పేరు తెలియకపోయినా పిలిస్తే వస్తాయి కదా. వారం రోజులు ఇవన్నీ పేర్చుకుంటూ కూర్చున్నాను. ఒకటి కూలితే ఇంకొకటి పెట్టుకున్నాను. మరోపక్క వాకిట్లో ఎవరు ఆగినా కిటికీలోంచి తొంగి చూసేవాణ్ణి. డాక్టరు గారు వచ్చిన రోజుల్లో, ఆయన కంట పడకుండా, కుక్కను పెరట్లో కట్టేసేవాణ్ణి. ఎందుకు కట్టావని సరోజ ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదా అని ఆమెనూ అనుమానించాను.

మరుసటి ఏడు మేకలకు టీకాలు వేయడానికి వాళ్ల ఊరు వెళ్లాల్సి వచ్చింది. మందను దొన్ను పట్టుకొచ్చాడు. సోంబారి అరుగు మీద కూర్చుని ఉంది.

"మీ అమ్మ మేపడం లేదా?" అన్నాను.

"అమ్మకి మతి సెడింది బాబూ" అన్నాడు, ఆమెకు వినబడేంత గట్టిగానే. "ఆ రోజు నువ్వే సెప్పినావు కద, రెండేళ్ల కుక్కని పట్టుకుని నాదేనంది. సొంత కుక్కనే పోల్చుకోలేందాన్ని నమ్మి మేకలెలాగ వదిలేత్తాం? ఏటి సెప్పినా ఇప్పుడెవరం నమ్మం."

ఆమె మెల్లగా లేచి వచ్చింది. ఒక మేకను పట్టుకుని నోరు తెరిచింది.

"నాలుగు పళ్లది. కాదా బాబూ?"

"అవును" అన్నాను.

ఇంకోదాన్ని పట్టుకుంది. "ఇది రెండు పళ్లది. అవునా?"

"అవును."

అలా ఆరో ఏడో. ప్రతిదీ సరిగ్గానే చెప్పింది. పుట్టినప్పటి నుంచీ మేకల్లో బతికిన మనిషి, చెప్పిన ప్రతిసారీ నా ముఖంలోకి చూసి, నేను అవునన్నాకే మేకను వదిలింది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. దొన్ను పక్కనే ఉన్నాడు. ఒక్క మాట. 'మీ అమ్మ కరెక్టే, నేనే అబద్ధం చెప్పాను.' నోట్లోకి వచ్చింది. చెబితే కుక్కను ఇచ్చేయాలి, ఉద్యోగానికి మచ్చ, ఇంటికి వెళ్తే తలుపులు మూసుకున్న సరోజ. ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ల ముందు తిరిగాయి. సూది పెట్టె సర్దుకుని వచ్చేశాను. మరో ఏడాదికి ఆమె పోయిందని సంతలో విన్నాను. ఊళ్లో వాళ్ల లెక్కలో ఆమె మతి చెడిన మనిషిగానే పోయింది.

తర్వాత మాకు విశాఖ బదిలీ అయింది. మల్లినీ తెచ్చుకున్నాం. నా లెక్క ప్రకారం దానికి ఏడేళ్లు రావాల్సిన నాటికి అది మెట్లెక్కలేకపోయింది. కళ్లు పూర్తిగా తెల్లబడ్డాయి. కొండ కుక్కలు తొందరగా ముసలివవుతాయని సరోజకు చెప్పాను. ఒక అబద్ధానికి ఇంకొకటి. నేను డ్యూటీలో ఉన్నప్పుడు సరోజ ఆటోలో దాన్ని ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. సాయంత్రం అన్నం వడ్డిస్తూ అంది:

"పన్నెండేళ్లు ఉంటాయట."

అంతే. చారు పోసింది. నేను కలుపుకున్నాను. ఆమె మళ్లీ ఆ మాట తేలేదు. ఆమెకు ఆ రోజే, గుమ్మంలో నిలబడి చూసినప్పుడే తెలుసా? తెలిసే ఊరుకుందా? అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు. పోయినేడు మల్లి చచ్చిపోయింది. సరోజ మూడు రోజులు అన్నం తినలేదు. ఆమె ఏడుపు కుక్క కోసమేనా అని కూడా అనుమానించాను. నేను ఇలాంటి మనిషినయ్యాను.

ఇప్పుడు ఎందుకు చెబుతున్నాను? సోంబారి లేదు, కుక్క లేదు, తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు గనకే ధైర్యం వచ్చిందా? అయి ఉండొచ్చు. ఈ ఒప్పుకోలును కూడా నేను పూర్తిగా నమ్మను. మీరు క్షమించాల్సిన పని లేదు. క్షమించే హక్కున్న మనిషి తన మీద తనకే నమ్మకం లేకుండా వెళ్లిపోయింది. దొన్నుకు ఉత్తరం రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. రాయలేదు. రాస్తానని మీకు మాట ఇవ్వను.

ఇంతకాలం లోపల నమిలిన మాటను ఒక్కసారి బయటికి అనాలి, అంతే. సోంబారి మతి చెడలేదు. ఆమె తన కుక్కను సరిగ్గా గుర్తుపట్టింది, దాని వయసు సరిగ్గా చెప్పింది. అబద్ధమాడింది నేను. రాశాను. ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది.